గడ్డం కింద గంధం

ఇప్పుడు పర్వాలేదు. రోజూ మాత్ర వేసుకుంటున్నాను, సాయంత్రం నడుస్తున్నాను, ఏలూరు ప్రయాణం నెలకోసారి నుంచి మూడు నెలలకోసారికి తగ్గింది. అందుకే ఇది రాయగలుగుతున్నాను. రెండేళ్ళ కిందట కాగితం మీద పెట్టడం మాట అటుంచి, మా ఆయనతో చెప్పడానికే నోరు పెగల్లేదు.

విషయం చెప్పేస్తాను. నాకు గడ్డం వచ్చేది. మగవాళ్ళకు వచ్చినంత కాదు గాని, ఆడదాని మొహాన ఉండకూడనంత. దవడ కింద, మెడ మొదట్లో, నల్లగా, గట్టిగా. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

నేను లెక్కల టీచర్ని. తాడేపల్లిగూడెంలో కాపురం, కొల్లేరు వైపు ఒక ఊళ్ళో హైస్కూల్లో ఉద్యోగం. పుట్టిల్లు గణపవరం. నాన్నగారిది పౌరోహిత్యం కాబట్టి మా బంధువుల ఇళ్ళల్లో వ్రతాలకూ పేరంటాలకూ లోటు ఉండదు. నా కష్టమంతా అక్కడే వచ్చింది.

పాప పుట్టిన రెండో ఏడు మొదలైంది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిది. స్కూలు నుంచి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే, వేలికి ముల్లులా ఏదో తగిలింది. ఇంటికొచ్చి పీకేశాను. మరో వారానికి నాలుగయ్యాయి. అమ్మ అప్పటికింకా ఉంది. “పసుపు రాసుకోవడం మానేశారు కదే మీరంతా, రాక ఏం చేస్తాయి?” అని పచ్చి పసుపుకొమ్ములు నూరి, సున్నిపిండిలో కలిపి డబ్బాతో పంపింది. రోజూ రుద్దుకున్నాను. మొహం పచ్చబడింది, అవి మాత్రం నల్లగానే ఉన్నాయి. ఆ మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆ డబ్బా అడుగున మిగిలిన పిండిని చాలాకాలం పారెయ్యలేకపోయాను.

పీకడం ఒక ఉద్యోగమైంది. మా బాత్రూమ్‌లో బల్బు గుడ్డిది. అక్కడ కనిపించనివి ఎండలో బండి అద్దంలో కనిపిస్తాయి. స్కూల్లో ఇంటర్వెల్ అప్పుడు సైకిల్ షెడ్డు వెనక్కి వెళ్ళి, హెడ్మాస్టరు గారి మోటారు సైకిల్ అద్దం ముందు వంగి పీక్కునేదాన్ని. ఒకరోజు ఆయనే వచ్చారు.

“ఏవండీ మేడమ్, కంట్లో ఏమన్నా పడిందాండీ?”

“అవునండీ. నలుసండీ.”

ఆయన గబగబా వెళ్ళి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడ్డారు. చేసేదేం లేక రెండు కళ్ళూ శుభ్రంగా కడుక్కున్నాను. “ఇప్పుడు పోయిందాండీ?” అన్నారు. పోయిందన్నాను. పాపం, మంచి మనిషి.

మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళిలో అసలు సంగతి జరిగింది. మా వైపు పేరంటంలో ముత్తయిదువలను వరసగా కూర్చోబెట్టి, కాళ్ళకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గడ్డం కింద మెడకు గంధం పూస్తారు. పూసేది వేళ్ళతో. మా బంధువుల్లో ఆ గంధం గిన్నె ఏ ఊళ్ళో ఎవరింట్లోనైనా సరే మా కామేశ్వరి పెద్దమ్మ చేతిలోనే ఉంటుంది. పెదనాన్నగారి భార్య. గొంతు పెద్దది, మాట సూటి. ఆరోజు నా దగ్గరకు వచ్చి, తల పైకెత్తమని, చల్లటి వేళ్ళు మెడకు ఆనించింది. దవడ కిందికి వచ్చేసరికి ఆ వేళ్ళు ఆగాయి. ఒక్క క్షణమే. నా కళ్ళలోకి చూసి, ఏమీ అనకుండా పక్కావిడ దగ్గరకు వెళ్ళిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది. అనలేదు కాబట్టి, వంటింట్లోకి వెళ్ళి అందరితో అనేసి ఉంటుందని నేనే తీర్మానించుకున్నాను. ఆ తరవాత లోపల ఆడవాళ్ళు దేనికి నవ్వినా నా చెయ్యి గడ్డం మీదకు పోయేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

అప్పటినుంచి పేరంటాలు మానేశాను. మానెయ్యడానికి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఒక సాకు ఉంది. “బయట ఉన్నానండీ” అంటే చాలు. నెలసరి అని అర్థం. ఇంకెవరూ మారుమాట అడగరు, రమ్మనరు. వరలక్ష్మీ వ్రతమా, బయట ఉన్నాను. సత్యనారాయణ వ్రతమా, బయట. ఒక శ్రావణమాసంలో మూడుసార్లు బయట ఉన్నాను. లెక్కల టీచర్ని అయ్యుండి ఆ లెక్క చూసుకోలేదు.

మా అత్తగారు చూసుకున్నారు. “ఇన్నిసార్లేమిటమ్మా, రక్తం అంతా పోతుంది” అని కంగారుపడి, వద్దంటున్నా వినకుండా గూడెంలోనే ఒక లేడీ డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళారు. నేను నోరు తెరిచేలోపు అంతా ఆవిడే చెప్పారు. నెలకు రెండుమూడుసార్లు, నీరసం, తిండి తినదు. డాక్టరు గారు “అంతేనామ్మా?” అని నన్నడిగారు. అత్తగారి ఎదురుగా నేనేమనగలను? తేలు కుట్టిన దొంగలా తలూపాను. రక్తస్రావం ఆగడానికి మాత్రలు రాశారు. అసలు నిజం ఏమిటంటే అప్పటికి నాకు నెలసరి వచ్చి మూడు నెలలైంది. ఆ మాత్రలు బియ్యం డబ్బాలో దాచాను. తప్పు ఆ డాక్టరు గారిది కాదు. నేనాడిన అబద్ధానికి ఆవిడ మందు రాశారు.

పీకి పీకి గడ్డం కింద నల్లమచ్చలు పడ్డాయి. ముప్పై రెండో ఏట అవి పోవడానికి మందుల షాపులో ఏదైనా ఇమ్మన్నాను. షాపాయన చిన్న ట్యూబు ఇచ్చి, “ఇది అందరూ తీసుకెళ్తారండి, తెల్లగా అవుతారండి” అన్నాడు. నిజంగానే పది రోజుల్లో మొహం మెరిసింది. స్టాఫ్ రూమ్‌లో “ఏం వాడుతున్నారండీ?” అని అడిగితే పేరు చెప్పాను. మా చెల్లెలు లలితకైతే ఒక ట్యూబు కొనిచ్చాను కూడా. అది వాసన నచ్చలేదని పారేసిందట. దాని అదృష్టం. నాకు మాత్రం ఏడాది తిరిగేసరికి ఎండలోకి వెళ్తే మొహం మంటెత్తేది. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. అంతవరకూ నున్నగా ఉన్న బుగ్గల మీద కూడా నూగు దట్టంగా మొలిచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అది నా మొహాన చూశాను. మానేద్దామంటే రెండో రోజుకే మొహం ఎర్రగా ఉబ్బేది. మళ్ళీ అదే రాసుకునేదాన్ని. ఎవరూ రాసివ్వని క్రీము మొహానికి పెట్టుకోకండి. నేను గట్టిగా చెప్పగలిగిన సలహా ఇదొక్కటే.

తరవాత మాస్కుల కాలం వచ్చింది. ఊరంతా భయంతో ఉంది. నాన్నగారి గురించి నాకూ భయమే. కాని రాయడానికి సిగ్గుగా ఉన్నా నిజం చెబుతున్నాను, ఆ రెండేళ్ళూ నేను హాయిగా ఉన్నాను. పేరంటాలు లేవు, ఎవరూ దగ్గరకు రారు, సగం మొహం గుడ్డ వెనక. అందరూ మాస్కులు తీసేశాక కూడా ఇంకో ఏడాది నేను తియ్యలేదు. డస్ట్ ఎలర్జీ అన్నాను. పిల్లలు నాకు మాస్కు మేడమ్ అని పేరు పెట్టారు.

ఒక ఆదివారం పొద్దున లలిత ఫోన్ చేసింది. దాన్ని ముదినేపల్లి ఇచ్చాం. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. చిన్నప్పుడు జడ వేసింది, అమ్మ పోయాక కాలేజీ ఫీజు కట్టింది నేనే.

“అక్కా, నాకు ఐదో నెల. ఏడో నెలలో సీమంతం చేస్తారంట. చలిమిడి అమ్మ పెట్టాలి కదా. అమ్మ లేదు. నువ్వు తేవాలి.”

“తప్పకుండానే. అయితే ఆ రోజుకి నేను…”

“బయట ఉన్నానని మాత్రం అనకు.” దాని గొంతు మారిపోయింది. “నా పెళ్ళి పేరంటంలో నువ్వు లేవు. గృహప్రవేశానికి లేవు. ఈసారి కూడా రాకపోతే, పురుడొచ్చినా నీకు చెప్పనక్కా. నేనంటే నీకెందుకింత అసహ్యమో తెలీట్లేదు గాని, ఇంక అడగను.”

ఫోన్ పెట్టేసింది. నేను దాచింది నా గడ్డాన్ని. లలిత చూసింది నా వీపుని. ఈసారి వెళ్ళకపోతే చెల్లెలు నాకు లేనట్టే. వెళ్తే ఆ వరసలో కూర్చోవాలి, పెద్దమ్మ వేళ్ళ కింద తలెత్తాలి. రెండు నెలల టైముంది.

మొహం మంట అని చెప్పి మా ఆయనను వెంటబెట్టుకుని ఏలూరులో చర్మవ్యాధుల డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. బయట గదిలో నంబరు కాగితం తీసుకుని కూర్చున్నాం. నాలాగే గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఆడవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు. చూసేవాళ్ళకు మేమంతా ఏదో గాఢంగా ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. పక్కన కూర్చున్నావిడ మెడలో చిన్న సిలువ ఉంది. కొల్లేరు లంక నుంచి వచ్చిందట, చేపలకు ఐసు పెట్టే షెడ్డులో పని. నా చెయ్యి చూసి, “మొదటిసారాండీ? బయపడకండి. ఈ డాక్టరమ్మ కసరదండి” అంది. సంచిలోంచి జామకాయ తీసి సగం విరిచి ఇచ్చింది. నా నంబరు పిలిచేదాకా ఆ సగం కాయ నా చేతిలోనే ఉంది.

డాక్టరు గారు చిన్నావిడే. ట్యూబు చూసి, “ఇది ఎవరు రాశారమ్మా?” అన్నారు. ఎవరూ రాయలేదన్నాను. మొహం అటూ ఇటూ తిప్పి చూసి, మామూలుగా అడిగారు.

“నెలసరి సరిగ్గా వస్తోందా?”

పక్కన మా ఆయన ఉన్నారు. ఆయన లెక్క ప్రకారం నాకు పోయిన వారమే వచ్చింది, వాళ్ళ పిన్నిగారింటి వ్రతం రోజున. లోపల ఒక్కసారి మళ్ళీ అబద్ధం కదిలింది. లలిత గొంతు గుర్తొచ్చింది.

“రావడం లేదండీ. మూడు నెలలకో, నాలుగు నెలలకో ఒకసారి. ఏళ్ళ నుంచీ అంతేనండీ.”

“అదేంటి? మొన్న…” అన్నారు మా ఆయన. నేను బల్ల మీద కాగితాల వంక చూస్తూ కూర్చున్నాను. డాక్టరు గారు ఆయన వంక, నా వంక చూసి, నెమ్మదిగా విడమర్చి చెప్పారు. లోపల హార్మోన్ల తేడా వల్ల ఇటు నెలసరి రాదు, అటు ఇవి వస్తాయి. రెండూ ఒకటే జబ్బు. చాలామందికి ఉంటుంది, మీ తప్పేం లేదమ్మా అన్నారు. ఒకదాన్ని దాచడానికి నేను రెండోదాని మీద అబద్ధం చెబుతూ వచ్చాను. అబద్ధం చెప్పినన్నాళ్ళూ మందు దొరకలేదు.

బస్టాండులో మా ఆయన అన్నారు. “వెంట్రుకలు నేను చూడలేదనుకున్నావా? ఒకే ఇంట్లో ఉంటున్నాం. నువ్వే చెబుతావులే అనుకున్నాను. ఇన్ని అబద్ధాలు మాత్రం నాకు తట్టలేదు.” నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయిదో రోజు పొద్దున బాత్రూమ్ అలమరలో ఆయన రేజరు పక్కన కొత్తది ఒకటి కవరుతో సహా ఉంది.

ఎందుకంటే డాక్టరు గారు మాత్రలతో పాటు రాసిన లేజరు వైద్యం వెంట్రుక కుదురు మీద పనిచేస్తుందట. పీకితే కుదురు ఉండదు. కాబట్టి గీసుకునే రావాలి. గీస్తే మందంగా వస్తుందని పుట్టినప్పటినుంచీ విన్నదాన్ని. అలా ఏమీ ఉండదని డాక్టరు గారు ఎంత చెప్పినా, చేతిలో రేజరు పట్టుకుని మూడు రోజులు ఊరికే నిలబడ్డాను. అత్తగారికి కొడుకు చెప్పేశాడు. ఏమంటారోనని బిక్కుబిక్కుమంటున్నాను. ఆవిడ కరెంటు పనివాణ్ణి పిలిపించి బాత్రూమ్‌లో పెద్ద బల్బు పెట్టించారు. “ఆ గుడ్డి వెలుగులో కత్తి పెట్టుకుంటే తెగుతుందే అమ్మా” అన్నారు. బియ్యం డబ్బాలో మాత్రల సంగతి కూడా అప్పుడే ఒప్పుకున్నాను. “తెలుసులే, బియ్యం కొలిచేది నేను కదా” అన్నారు.

మొదటి నెల బాగా కష్టం. ట్యూబు మానెయ్యడంతో మొహం కందిపోయి, దురద. లేజరు పెట్టినప్పుడు పోపులో ఆవాలు చిట్లి మొహాన పడ్డట్టుండేది. రెండుసార్లు అయ్యేసరికి సీమంతం రానే వచ్చింది. తగ్గింది తక్కువ, మిగిలింది ఎక్కువ. ముందురోజు గీసుకున్నది అప్పుడే గరగరలాడుతోంది. అయినా బయలుదేరాను.

తడిపిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి, కొబ్బరిముక్కలు నేతిలో వేయించి చలిమిడి నేనే చేశాను. ముదినేపల్లిలో గుమ్మం ఎక్కుతుంటే లలిత నా చేతిలో పళ్ళెం చూసి, “వచ్చావా” అంది. అంతే అంది. ఒళ్ళో చలిమిడి పెడుతుంటే నా చేతుల మీద దాని కన్నీళ్ళు పడ్డాయి. లోపలి గదిలోకి తీసుకెళ్ళి అంతా చెప్పాను. నోరు తెరుచుకుని విని, “గడ్డానికి భయపడి నా పెళ్ళి పేరంటం ఎగ్గొట్టావా? నేనే గీసిపెట్టేదాన్ని కదక్కా!” అని నవ్వింది. నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నిండుమనిషి ఏడవకూడదని దాని అత్తగారు వచ్చి నన్ను కేకలేశారు.

వరసలో కూర్చున్నాను. కామేశ్వరి పెద్దమ్మ గంధం గిన్నెతో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. తలెత్తాను. కళ్ళు మూసుకోలేదు. వేళ్ళు మెడ మీదకు వచ్చి, దవడ కింద ఆగాయి.

“గీసుకుంటున్నావా?” అంది. ఆ పెద్ద గొంతు నాకు మాత్రమే వినిపించేంత చిన్నదైంది.

“అవును పెద్దమ్మా.”

గంధం నిండుగా పూసి ముందుకు వెళ్ళింది. ముత్తయిదువలందరికీ అయ్యాక, పెరట్లోకి రమ్మని సైగ చేసింది. గిన్నె కడిగే నెపంతో కుళాయి దగ్గర నిలబడి, నా చెయ్యి పట్టుకుని తన గడ్డం కింద పెట్టుకుంది. గరగరలాడింది. నాకంటే గట్టిగా.

“మీ పెదనాన్న బ్లేడు. ముప్పై ఏళ్ళుగా” అంది. “ఆయనకీ తెలీదు. ఆ పెళ్ళిలో నీ మెడ తగిలినప్పుడు ప్రాణం ఉసూరుమంది. అడుగుదామంటే నా సంగతి చెప్పాలి కదే.”

“మరి పేరంటాల్లో మీకెవరు రాస్తారు పెద్దమ్మా?”

“గిన్నె పట్టుకున్నదానికి ఎవరు రాస్తారే పిచ్చిపిల్లా? అందుకే కదా పట్టుకుంటా.”

ఇన్నేళ్ళూ నేను ఎవరి వేళ్ళకు భయపడి ఇంట్లో దాక్కున్నానో, ఆవిడ నాలాంటి భయంతోనే వీధి వీధీ తిరిగింది.

లలితకు ఆడపిల్ల. నేను దగ్గరుండి నీళ్ళు పోశాను. ఆ నెల్లోనే పెద్దమ్మను ఏలూరు తీసుకెళ్ళాను. అరవై ఆరేళ్ళ మనిషి, బస్సంతా పైట గడ్డానికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. డాక్టరు గారు చూసి, వెంట్రుకలు తెల్లబడ్డాయి, తెల్లవాటి మీద లేజరు పనిచేయదు మామ్మగారూ అన్నారు. వేరే పద్ధతి ఉంది, ఒక్కొక్క కుదురునూ విడిగా కాల్చాలి, చాలాసార్లు రావాలి, నొప్పిగా ఉంటుంది అన్నారు. తరవాత కొంచెం మొహమాటంగా, “ఈ వయసులో ఇంత కష్టం అవసరమంటారా? ఏమనుకుని వచ్చారు?” అని అడిగారు.

పెద్దమ్మ పైట తీసేసి, ఆవిడ వంక సూటిగా చూసింది.

“ఒక్క పేరంటంలో కూర్చోవాలండి. ముప్పై ఏళ్ళుగా నిలబడే ఉన్నాను.”